చాకుల పలుకు తెలిసిన జయరాజు

శుక్రవారం పొద్దున్న నాతో ఫోనులో నవ్వుతూ మాట్లాడిన జయరాజు ఆ మధ్యాహ్నానికే కన్నుమూశాడన్న వార్త విని నేను మొట్టమొదట చేసిన పని, ఆ వార్త చెప్పినవాణ్ణి కసరడం. "సబ్బవరం బస్టాండులో కూలబడిపోయాడట, ఆసుపత్రికి చేర్చేసరికే అయిపోయిందట" అని పాత సహోద్యోగి ఒకాయన చెబుతుంటే, "ఎవరిని చూసి ఎవరనుకున్నావో, పొద్దున్నే నాతో మాట్లాడిన మనిషయ్యా" అని పెట్టేశాను. వెంటనే జయరాజుకే ఫోను చేశాను. మోగింది. ఎత్తారు. అవతల ఎవరో ఆసుపత్రి మనిషి, "మీరు ఆయనకేమవుతారండీ" అని అడిగాడు.

ఇది రాస్తున్న వేళకు సమాధి మీద పరిచిన పూలు కూడా వాడిపోయి ఉంటాయి. నాకింకా నమ్మకం కుదరలేదు. పుట్టినవాడు గిట్టక తప్పదన్న మాట నేనూ ఎంతోమందికి ఓదార్పుగా చెప్పినవాణ్ణే. ఇప్పుడు నాకెవరైనా చెప్పబోతే ఒళ్లు మండుతోంది. గిట్టడానికైనా ఒక పద్ధతి ఉండొద్దా? ఆదివారం రమ్మని పిలిచి శుక్రవారం వెళ్లిపోవడం ఏం మర్యాద?

జయరాజును ఎరగనివారికి నాలుగు మాటలు చెప్పాలి. కంచరపాలెం రైలుగేటు పక్కన ఒక చిన్న ఇంట్లో పుట్టాడు. తండ్రి రేవులో కళాసీ. జయరాజు మా ఉక్కు కర్మాగారం రోల్ షాపులో లేతు మీద ఇనుము చెక్కే టర్నరుగా చేరి, ఉద్యోగమంతా అక్కడే చేసి, నాతోపాటే విరమించాడు. చర్చిలో మంద్రస్థాయిలో పాడే గొంతు ఆయనది. భార్య మార్తమ్మ. పిల్లలు లేరు. వీటన్నిటినీ మించి ఆయనకొక వ్యాసంగం ఉంది. పాతకాలపు అమెరికా జేబుచాకులు సేకరించడం, ఒక్కొక్కటీ ఏ ఊళ్లో, ఏ కాలంలో పుట్టిందో పోల్చడం.

మొదటిసారి విన్నవాళ్లందరూ నవ్వేవారు. విశాఖపట్నమేమిటి, అమెరికా చాకులేమిటి అని నేనూ నవ్వాను. దానికి ఆయన జవాబు ఒక్కటే: "రేవున్న ఊరికి రానిదేటుంది బావ?"

నిజమే. గోధుమలు మోసుకొచ్చిన ఓడల నావికులు, రిఫైనరీ కట్టడానికి వచ్చిన ఇంజినీర్లు, మిషను ఆసుపత్రిలో సేవచేసి వెళ్లిన దొరలు, దొరసానులు, వీళ్లలో చాలామంది జేబుల్లో ఒక మడతచాకు ఉండేది. వాళ్లు వెళ్లిపోయారు. చాకులు కొన్ని ఇక్కడే ఉండిపోయాయి. కొన్ని కొబ్బరిబొండాలకో, కోడిపుంజుకో మారకం అయ్యాయి, కొన్ని ప్రేమగా చేతులు మారాయి. జయరాజు తండ్రికి గోధుమల ఓడ మీద ఒక నావికుడు తన చాకు తీసి ఇచ్చేశాడట. ఆ పెద్దాయన బతికినంతకాలం దాంతో మామిడికాయలు తప్ప మరేమీ కోయలేదు. అదే జయరాజు సేకరణకు బీజం. తరువాత పాత ఇనుము కొట్లన్నీ తిరిగి తిరిగి ఒక చెక్కపెట్టె నింపాడు.

పోల్చడంలో ఆయన పద్ధతి చూసి తీరవలసిందే. బ్లేడు పిడిలోకి దిగే చోట కంపెనీ ముద్ర ఉంటుంది. అందరూ ముందు అది చూస్తారు. జయరాజు ఆఖర్న చూసేవాడు. "ముద్ర ఎవుడైనా కొట్టుకోగల్డు బావ" అనేవాడు. ముందు పిడిని బొటనవేలితో గట్టిగా రుద్ది వాసన చూసేవాడు. కర్పూరం వాసన వస్తే సెల్యులాయిడ్, అంటే కర్పూరం కలిపి చేసిన పాతకాలపు ప్లాస్టిక్. "మీ దేవుడి గది వాసనొచ్చిందంటే దాన్ని వేరేగా ఎట్టీ బావ, పక్కోటికి తుప్పంటిత్తాది" అని నన్ను ఆటపట్టించేవాడు. ఎముక పిడి అయితే దాని మీద గాట్ల వరస చూసేవాడు. ఒక కంపెనీవాళ్లు తమ పేరు కింద చుక్కలు పెట్టి ఏటా ఒక్కొక్క చుక్క తగ్గించుకుంటూ పోయారట. ఆ చుక్కలు లెక్కపెట్టి పుట్టిన సంవత్సరం చెప్పేవాడు. ఇవన్నీ అయ్యాక చాకును చెవి దగ్గర పెట్టుకుని తెరిచి, మూసేవాడు. చాకుకు నడకా పలుకూ ఉంటాయనేవాడు. తెరుచుకునే తీరు నడక, మూసుకుంటూ టక్కుమనేది పలుకు. ఏ రెండూ ఒక్కలా పలకవని ఆయన వాదన. నాకు మాత్రం అన్నీ టక్కుమనే వినిపించేవి. ఆ మాటే అంటే, "సముద్రం హోరు ఇని ఇని నీ సెవులు ఎల్లిపోనాయి బావ" అనేవాడు.

మాది సముద్రం మీద వేటకెళ్లే కుటుంబం. మా నాన్న పడవలో వాడిన మడతచాకు ఒకటి ఇంట్లో పడి ఉండేది. వలతాళ్లు కోసీ కోసీ, సాన పట్టీ పట్టీ బ్లేడు సగానికి సగం అరిగిపోయింది. ఇనుము కొట్లో వేసేస్తానని ఒకసారి జయరాజుకు చూపించాను. ఆయన దాన్ని రెండు చేతులా అందుకున్నాడు. "ఏటి బావ, అలాగంటావు? అరిగిందంటే పని సేసిందన్నమాట. కొత్తగా మెరిసిపోతన్న సాకుని సూత్తేనే నాకు జాలి. దాన్ని ఎవులూ పన్లోకి పిలవనేదు" అన్నాడు. అది కూడా ఓడల వాళ్ల నుంచి వచ్చిన అమెరికా చాకేనని అప్పుడే తెలిసింది. ఆ రోజే ఆయనకిచ్చేశాను. పెట్టెలో తన తండ్రి చాకు పక్కన పెట్టుకున్నాడు.

ఆయన నిజాయితీ ఒక్కోసారి విసుగు తెప్పించేది. గాజువాకలో ఒక పెద్దాయన చాకును చూసి, ఇది అమెరికాది కాదు, జర్మనీ సరుకని చెప్పి వచ్చాడు. చాలాకాలానికి తన పొరపాటు తనకే తెలిసింది. మిట్టమధ్యాహ్నం ఎండలో నన్ను కూడా వెంటేసుకుని వెళ్లి, ఆ ఇంటి గుమ్మంలో నిలబడి, "నాను తప్పు సెప్పానండి, మీ సాకు అమెరికాదేనండి" అన్నాడు. ఆ పెద్దాయనకు చాకూ గుర్తులేదు, జయరాజూ గుర్తులేడు. అయినా భోజనం పెట్టి పంపాడు. ఇంత దూరం ఇందుకా అని నేను దారిపొడుగునా సణిగితే, "ఆయనకి గుర్తునేకపోతే ఏటి, సాకుకి గుర్తుంటాది" అన్నాడు.

మా ఊరి గాలిలో ఉప్పు ఉంటుంది. పాత ఉక్కుకు అది పరమశత్రువు. అందుకే రోజూ సాయంత్రం, మార్తమ్మ వంట మొదలుపెట్టే వేళకు, ముందుగదిలో కూర్చుని ప్రతి చాకునూ తుడిచి, కుట్టుమిషను నూనె చుక్క వేసి, తెరిచి మూసి పెట్టేవాడు. మెరుగు పెట్టడం మాత్రం ఆయన దృష్టిలో మహాపాపం. కాలం వల్ల బ్లేడుకు వచ్చిన నలుపును ప్రాణంలా కాపాడేవాడు. "తుప్పు దొంగ, నలుపు సాచ్చి. దొంగని తోలీ బావ, సాచ్చిని సంపీకు" అనేవాడు.

మా ఇద్దరికీ ఒక్క విషయంలోనే ఏళ్ల తరబడి తగాదా. ఏ చాకు ఎవరిది, ఎక్కడ దొరికింది, ఎప్పటిది అన్న వివరం ఆయన ఎక్కడా ఒక్క ముక్క రాసి పెట్టలేదు. అంతా తలలోనే. "రేపు నీకేదైనా అయితే ఇవన్నీ వట్టి ఇనుప ముక్కలేనయ్యా" అని మొహం మీదే అనేవాణ్ణి. "రాసేత్తే సూడ్డం మానేత్తాం బావ" అనేవాడు. ఈ మధ్య ఉక్కునగరంలో మా క్లబ్బువాళ్లు ఒక అద్దాల బీరువా ఇస్తామని, చాకులన్నీ జనం చూసేలా పెడదామని ముందుకొచ్చారు. అప్పుడు మెత్తబడ్డాడు. ఈ రేవులో దిగినవి ఈ ఊళ్లోనే ఉండాలన్నది ఆయన కోరిక. ఆదివారం ప్రార్థన అయ్యాక ఇద్దరం కూర్చుని ఒక్కొక్కదానికీ ఒక చీటీ రాద్దామన్నాడు.

శుక్రవారం ఫోనులో ఆ సంగతే గుర్తుచేశాడు. సబ్బవరంలో ఒక పాత ఇనుము కొట్టుకు వెళ్లాడట. "ఒకటి దొరికింది బావ. సూడగానే పోల్సీసాను" అన్నాడు. గొంతు నిండా సంబరం. ఏమిటది అన్నాను. "ఇప్పుడు సెప్పను. ఆదివారం నీ సేతే సెప్పిత్తాను." ఈ వయసులో నాకు పరీక్షలా అని విసుక్కున్నాను. నవ్వాడు. ఆ నవ్వు మధ్యలోనే నేను ఫోను పెట్టేశాను. ఆసుపత్రివాళ్లు మార్తమ్మ చేతికిచ్చిన మూటలో ఆయన కళ్లద్దాలు, చేతిగుడ్డలో చుట్టిన ఆ చాకు ఉన్నాయి. ఆమె మూట విప్పకుండానే బైబిలు పెట్టుకునే సొరుగులో దాచేసింది.

ఆ దెబ్బ నుంచి తేరుకోకముందే రెండోది తగిలింది. ఇంట్లో ఆదరణ కూడిక, అంటే పోయినవారి ఇంటివాళ్లను ఓదార్చే ప్రార్థన, జరిగిన రోజు వెళ్లేసరికి, ముందుగదిలో బల్ల మీద తెల్లగుడ్డ పరిచి, ఆయన ఫొటో ముందు చాకులన్నీ వరసగా పేర్చి ఉన్నాయి. అన్నీ కొత్త స్పూన్లలా తళతళలాడుతున్నాయి. కాసేపు నేను చూస్తున్నదేమిటో నాకు అర్థం కాలేదు. మార్తమ్మ తమ్ముడు ఆనంద్‌కు కంచరపాలెంలో స్టీలు రెయిలింగులు చేసే వర్క్‌షాపు ఉంది. అతను దగ్గరకొచ్చి, "బావ సాకులు నల్లగా ఎట్టేత్తే బాగోదని ఎమెరీ పట్టించి బఫింగ్ సేసానండి. నిన్నంతా అదే పని. ఎలాగున్నాయండి?" అని అడిగాడు. ఒకటి తీసి బ్లేడు మొదలు చూశాను. ముద్ర లేదు. ఇంకొకటి తీశాను. లేదు. చుక్కలు లేవు, ఊరి పేర్లు లేవు, ఎముక పిడుల మీది గాట్లు కూడా సగం అరిగిపోయాయి.

పాస్టరుగారు ప్రార్థనకు లేస్తున్నారు. నేను అదేమీ చూడకుండా ఆనంద్ మీద విరుచుకుపడ్డాను. "మీ బావను మేమంతా కలిసి ఒకసారి పూడ్చాం, నువ్వొక్కడివే రెండోసారి పూడ్చావు" అనేశాను. మార్తమ్మ లేచి వచ్చి మా ఇద్దరి మధ్య నిలబడింది. "ఆడ్ని ఏటీ అనకండన్నయ్యా. ఆడికేటి తెలుసు? పేమ కొద్దీ సేసినాడు" అంది. ఆనంద్ బయటికి వెళ్లి మెట్ల మీద కూర్చున్నాడు. నేను చెప్పుల్లో కాళ్లు పెట్టుకుని ఇంటికొచ్చేశాను.

కొద్ది రోజులకు మార్తమ్మ ఫోను చేసింది. "ఆ సీటీలు రాద్దాం, రండన్నయ్యా."

"ఏం రాస్తామమ్మా? చెప్పేవాడు పోయాడు, గుర్తులూ పోయాయి" అన్నాను.

"మీరొచ్చి తెరిచి మూత్తే సాలు" అంది.

వెళ్లాను. ఆనంద్ కలం, చీటీలు ముందేసుకుని తలొంచుకుని కూర్చున్నాడు. మార్తమ్మ మాతో కూర్చోలేదు. వంటింట్లోకి వెళ్లి పీట వేసుకుంది. "ఎదురుగా కూకుంటే నాకు తెలీదు. ఇక్కడినించే ఇనేదాన్ని" అంది. ఆమె ఏమంటున్నదో బోధపడకుండానే ఒక చాకు తీసి తెరిచి, మూశాను.

"అది మా మావగోరిది. గోదుమల షిప్పుది."

ఇంకొకటి మూశాను. "మిషనాసుపత్రి డాక్టరమ్మగోరిది. ఆల వొంటమనిసి కూతురిచ్చింది." ఇంకొకటి. "కొంచెం ఆగి పలికింది కదా, అది పూర్ణా మార్కెట్లో దొరికింది. నూయార్కు వైపు సరుకు, యుద్దానికి ముందుదనీవోరు." ఇంకొకటి. "అలాగ మెత్తగా పడింది మీ నాన్నగోరిది. అరిగిపోనాది కదా, బరువునేదు." నా చేతిలో ఉన్నది మా నాన్న చాకే.

"ఇవన్నీ నీకెలా తెలుసమ్మా?" అని అడిగాను.

"రోజూ అడిగీవోరు కదన్నయ్యా. నాను వొంట సేత్తంటే అక్కడ మూసి, 'మార్తా, ఇదేటి?' అనీవోరు. తప్పు సెప్తే మల్లీ మూసీవోరు. సరిగ్గా సెప్పీదాకా ఒగ్గీవోరు కాదు."

ఆ ఇంట్లో ఎన్నోసార్లు అన్నం తిన్నాను, ఈ సంగతి నాకు తెలియనే తెలియదు. ముద్రలు పోయాయి గాని స్ప్రింగులకు ఏమీ కాలేదు. పలుకులన్నీ పదిలంగా ఉన్నాయి. ఆమె చెబుతూ పోయింది, ఆనంద్ కళ్లు తుడుచుకుంటూ రాస్తూ పోయాడు. నేను అతని భుజం మీద చెయ్యి వేశాను. అంతకన్నా బాగా క్షమించమని అడగడం నాకు చేతకాదు.

పెట్టె ఖాళీ అయ్యాక మార్తమ్మ లేచి సొరుగులోంచి మూట తెచ్చింది. చేతిగుడ్డ విప్పి, సబ్బవరం చాకు నా ముందు పెట్టి, మళ్లీ వంటింట్లోకి వెళ్లి కూర్చుంది. మెరుగు పడకుండా మిగిలింది అదొక్కటే. ఆయనకు నచ్చిన నలుపుతోనే ఉంది. ముద్రను మాత్రం మా ఊరి గాలి ఎప్పుడో తినేసింది. పిడి రుద్ది వాసన చూశాను. నాకేమీ తెలియలేదు. తెరిచి, మూశాను.

వంటింట్లోంచి మాట రాలేదు. మళ్లీ మూశాను.

"ఇంకోసారి మూయండన్నయ్యా."

మూశాను. "ఇది నన్ను అడగనేదు."

దాని ఫొటోలు అమెరికాలో చాకులు సేకరించే ఆయన పరిచయస్తులకు పంపించాం. ముగ్గురు మూడు కంపెనీల పేర్లు చెప్పారు. చూడగానే పోల్చిన మనిషి మట్టిలో ఉన్నాడు. ఆ రోజు ఫోనులో ఇంకొక్క నిమిషం ఉండి, ఇంకొక్కసారి అడిగి ఉంటే చెప్పేవాడేమో. చెప్పేవాడు కాదేమో కూడా. నాకు నేస్తం పోయాడు, మార్తమ్మకు తోడు పోయింది, ఈ ఊరికి ఏం పోయిందో ఈ ఊరికి తెలియదు. ఆయన కూర్చున్న కుర్చీలో కూర్చుని ఇంత నూనె చుక్క వేయగలమే గాని, ఆయన చూసినట్టు చూడగలవాడు మాలో ఎవరూ లేరు. ఆ చేతులకు, ఆ చెవులకు, తప్పు చెప్పానని ఎండలో ఊరు దాటి వెళ్లిన ఆ పాదాలకు నా నమస్కారం.

క్లబ్బులో అద్దాల బీరువా సిద్ధమైంది. మిత్రులందరూ వెళ్లి చూడండి. చాకులు మెరుస్తున్నాయని నవ్వకండి, అది ఒక బావమరిది ప్రేమ. కింది అరలో ఒక నల్లటి చాకు విడిగా ఉంటుంది. దానికి ఏం రాయమంటారని ఆనంద్ ఖాళీ చీటీ పట్టుకుని నా వైపు చూశాడు. వంటింట్లోంచి మార్తమ్మే చెప్పింది. అందుకని ఆ చీటీ మీద ఊరు లేదు, కాలం లేదు. "జయరాజుకు తెలుసు" అని మాత్రం ఉంటుంది.