ఇంజను తిరిగిన గంటలు

టాక్సీ స్టాండులో అందరూ అతన్ని కెప్టెన్ అంటారు. గౌరవంతో కాదు, ఎగతాళికి. "కెప్టెన్‌గారూ, మబ్బులు అడ్డమొస్తున్నాయి, హారన్ కొట్టండి" అంటాడు పక్క కారు డ్రైవరు. అతను నవ్వి ఊరుకుంటాడు. నలభై మూడేళ్ళు వచ్చాయి, ప్రతి వెక్కిరింతకీ కోపం తెచ్చుకునే ఓపిక ఎక్కడిది?

ఊరి చివర విమానం నడపడం నేర్పే క్లబ్బుంది. అటు కిరాయి వస్తే ఎంత తక్కువిచ్చినా ఎగబడి పోతాడు. కుర్రాళ్ళని దింపేసి వెంటనే తిరిగిరాడు. కంచె పక్కన కారాపుకుని, రెండు సీట్ల చిన్న విమానం నేల వదిలే ఆ ఒక్క క్షణం కోసం కాచుకుంటాడు. చక్రాలకీ నేలకీ మధ్య జానెడు వెలుగు కనపడగానే స్టీరింగు మీదికి వంగుతాడు. అదో ఆకలి, కానీ తింటే తీరేది కాదు.

ఆరేళ్ళుగా కూడబెడుతున్నాడు. భార్య లాండ్రీలో దుప్పట్లు ఇస్త్రీ చేస్తుంది. ఓవర్‌టైమ్ డబ్బులు తనే తెచ్చి అతని డబ్బాలో వేస్తుంది. లైసెన్సుకి కనీసం నలభై గంటలు ఎగరాలట. గంట రేటు పెట్టి హెచ్చవేశాడు. డాక్టరు పరీక్ష, పుస్తకాలు, రాతపరీక్ష ఫీజు కలిపాడు. లైసెన్సు వచ్చాక పక్క సీట్లో మొదట ఎవరు కూర్చుంటారో కూడా ఖాయం చేసేశాడు. భార్య పుట్టి బుద్ధెరిగి విమానం ఎక్కలేదు.

అనుకున్న డబ్బు పోగైన రోజు ఇద్దరూ క్లబ్బుకెళ్ళారు. గుమాస్తా ఫారం తీస్తుంటే ఆవిడ అడిగింది.

"మీ మీటరు ఎప్పట్నుంచి తిరుగుతుందండీ? పైకి లేచాకా, ఇక్కణ్ణించేనా?"

"ఇంజను తిప్పగానే అమ్మా. ముందు నాలుగు విమానాలుంటే వాటి వెనక ఆగిన టైమూ లెక్కే."

అతను నాలుక కరుచుకున్నాడు. సిగ్నల్ దగ్గర ఆగినా మీటరు ఆగదని ఇరవై ఏళ్ళుగా ప్రయాణికులతో గొంతు చించుకున్నవాడు! తన లెక్కలో మాత్రం విమానం షెడ్డులోంచి నేరుగా గాల్లోకి లేచింది.

"అసలు నలభైలో ముగించినవాళ్ళని నేను చూళ్ళేదు సార్. అరవై, డెబ్భై పడుతుంది" అన్నాడు గుమాస్తా. "డబ్బుల్లేక మధ్యలో ఆపారా, చెయ్యి మరిచిపోతుంది. మళ్ళీ మొదటికే."

ఆగే టైమూ కలుపుకుంటే దాచినది సగానికే వస్తుంది. మిగతా సగానికి ఇంకో ఆరేళ్ళు. అప్పటికి రేటు ఎక్కడుంటుందో, తన చూపు ఎలా ఉంటుందో.

"లైసెన్సు సంగతి పక్కన పెట్టండి" అంది ఆవిడ గుమాస్తాతో. "ఈయన ఒక్కడే పైకెళ్ళి, ఓ చుట్టు తిరిగి దిగడానికి ఎన్ని గంటలు నేర్చుకోవాలి?"

"చురుగ్గా ఉంటే ఇరవై. పాతిక అనుకోండి. నేర్చుకునేవాళ్ళని కూడా ఒంటరిగా ఓ చుట్టు పంపిస్తాం."

"ఆపాటి డబ్బుంది కదయ్యా మన దగ్గర!"

"ఉంది. కానీ లైసెన్సు లేకుండా నిన్ను ఎక్కించుకోనివ్వరు. ఇది కూడా అవగొట్టేస్తే ఇంక..."

"నేను ఎక్కుతానని ఎప్పుడైనా అడిగానా? మేడ మెట్లెక్కితేనే నాకు కళ్ళు తిరుగుతాయి. నీకు భయమేసి నన్ను అడ్డం పెట్టుకుంటున్నావు."

గుమాస్తా కాగితాల్లో తల దూర్చాడు. అతనికి భయం నిజమే. పడిపోతానని కాదు. పాతిక గంటలూ అయిపోయాక, మర్నాడు మళ్ళీ ఆ కంచె ఇవతల కారాపుకుని ఎలా చూడాలా అని. ఇన్నాళ్ళూ 'ఎప్పటికైనా ఎగురుతాను' అన్న మాట మీద బతికాడు. ఆ మాటా ఖర్చయిపోతుంది.

బయట ఒక ఇంజను అందుకుంది. కిటికీ అద్దాలు సన్నగా అదిరాయి.

"పాతికకి రాయండి" అన్నాడు.

"డాక్టరు కాగితం తీసుకుని సోమవారం పొద్దున్న ఆరింటికి రండి సార్. గాలి ఎక్కువగా ఉంటే ఫోన్ చేస్తాం, రావద్దు."

ఇద్దరూ వచ్చి కార్లో కూర్చున్నారు. ఆవిడ బెల్టు పెట్టుకుంది. అతను తాళం తిప్పకుండా, అద్దంలోంచి రోడ్డవతల చెట్ల వైపే చూస్తున్నాడు, ఆకు కదులుతోందా అని.

ఆవేళ ఇంకా శుక్రవారమే.