నోటి మీద అరచెయ్యి

ఆమదాలవలసలో ప్యాసింజరెక్కి నా పక్కన కూర్చున్న ఆమె ఎవరో నాకు ఇప్పటికీ తెలియదు. ఒళ్లో రెండేళ్లు నిండని గుంటడు.

"ఆస్పత్రికెళ్లొస్తన్నాం అన్నా. ఈడికింకా ఒక్క మాటా రాలేదు. సెవులు బాగానే ఉన్నాయంట. బిడ్డతో బాగా మాటాడమని సెప్పినారు," అంది.

ఎదుటి సీటు పెద్దమనిషి ఫోన్‌లోంచి తలెత్తకుండానే తీర్పు చెప్పేశాడు. "లేనివాళ్ల ఇళ్లలో అంతేనమ్మా. మీరు పిల్లలతో మాట్లాడరు. మా మనవడు ఏడాదిన్నరకే రైమ్స్ చెప్పాడు."

నాకు ఒళ్లు మండింది. మండితే నాకు వెటకారం తన్నుకొస్తుంది. "మాదీ లేని కొంపే సార్. ఐదో తరగతిలోనే బడి మానేశాను. నా వాగుడు ఆగాలని మా ఆవిడ మొక్కని దేవుడు లేడు," అని గట్టిగా అన్నాను. పెట్టెలో అందరూ నవ్వారు.

గుంటడు నవ్వలేదు. బెదురుగా అటూ ఇటూ చూసి, నా వైపు వంగి, నా నోటి మీద అరచెయ్యి పెట్టి నొక్కాడు.

తల్లి గబుక్కున వాడి చెయ్యి లాగేసింది. "ఏటీ అనుకోకన్నా. జీడిపప్పు ఒలిసే షెడ్డులో నా పక్కనే ఉంతాడు. ఈడి గొంతు ఇనబడితే ఇద్దర్నీ గెంటేస్తానంతాడు మేస్త్రీ. ఈడు ఊ అన్నప్పుడల్లా నానే ఇలగ నోరు మూసీదాన్ని."

ఆ మేస్త్రీ అప్పుడు నాకు దొరికుంటే వాడి పళ్లు ఒలిచేసేవాణ్ణి.

పెద్దమనిషి ఫోన్ దించి, "ఆ పని మానేయొచ్చు కదమ్మా?" అన్నాడు.

"మానేస్తే మాటలొస్తాయి బాబూ," అందామె, గుంటడి తల నిమురుతూ. "మొదటి మాటే ఆకలంతాడు."