అన్న బ్యాటు

కర్నూలు రాజధానిగా ఉన్న రోజులవి. కడప స్టేషన్లో మా రైలు ఎంతకీ రాలేదు. కాలు నిలవక, అన్న బాల్ బాడ్మింటన్ బ్యాటుతో ఉన్ని బంతిని వెయిటింగు రూము గోడకేసి కొడుతున్నాను. అది ఎటెటో పోతోంది.

బెంచీ మీదున్న ఒకామె, ఏదో మిషన్ బడిలో ఆటల టీచరట, "ఆ బ్యాటు నీదేనామ్మా?" అంది.

"మా అన్నది."

"నీ చేతికి శానా బరువుండాది. ఇది పట్టుకో." తన బ్యాటిచ్చి, పిడి చుట్టూ నా వేళ్ళు సర్దింది. కొట్టాను. బంతి తిన్నగా వెనక్కొచ్చింది. ఇక ఆపబుద్ధి కాలేదు.

ఆమె రైలొచ్చింది. బ్యాటు తీసుకొని వెళ్ళిపోయింది.

ఇంట్లో నా పుస్తకాలు, గొడుగు, అన్నీ అన్న వాడేసినవే. ఇల్లు చేరగానే, చెప్పులైనా విడవకుండా, "నాయనా, నాకు బ్యాటు కావల్ల" అన్నాను.

"ఉండాది గదమ్మా?"

"అది అన్నది. నాది కావల్ల."