తాళం వేసిన గదిలో కట్టిన పూలు

దయ్యాలను నమ్మే తీరిక మా ఇంట్లో ఎవరికీ లేదు. నాయిన ఏళాయిరంపన్నై అనే తమిళ ఊళ్లో బాణసంచా ఫ్యాక్టరీ కూలి. మా భయమంతా నిప్పురవ్వకే సరిపోతుంది. పైగా నేను చదివేది కెమిస్ట్రీ. ఇది చదివి నాకు పిచ్చి అనుకుంటే అనుకోండి, జరిగింది జరిగినట్టే చెబుతాను.

విరుదునగర్ దగ్గర కాలేజీలో చేరిన కొత్తలో నాకు ఒక్క స్నేహితురాలు కూడా లేదు. బస్సు దిగడం, వెనక బెంచీలో కూర్చోవడం, ఒంటరిగా డబ్బాలో అన్నం తిని తిరిగి రావడం, అంతే. అందరూ గుంపులుగా కూర్చుని నవ్వుకుంటుంటే నాకు ముద్ద దిగేది కాదు. చదువు మానేసి అమ్మతో అగ్గిపెట్టెల ఫ్యాక్టరీకి పోతానని ఒకరోజు నాయినతో చెప్పేశాను.

"ఈ వారం సూడు పాపా. మనసుకు పట్టకపోతే నేనే వచ్చి సదువు నిలుపుతా," అన్నాడు.

ఆ వారమే మా డిపార్ట్‌మెంట్ సంఘం ప్రారంభోత్సవం. పూలు ఎవరు కడతారని మూడో సంవత్సరం సెల్వి అక్క అడిగితే నా చెయ్యి దానంతటదే లేచింది. నిజానికి నాకు పూలు కట్టడం రాదు. మా అవ్వకు వచ్చు కదా, మనవరాలికి రాకుండా పోతుందా అనుకున్నాను. తా దూర కంత లేదు, మెడకో డోలు అంటారు చూడండి, అదీ నా సంగతి.

అవ్వ అంటే మా అమ్మవాళ్లమ్మ. మాతోనే ఉంటుంది. ఒకప్పుడు కోవిల్‌పట్టి బస్టాండు దగ్గర పూలు కట్టి అమ్మేది. కాలి బొటనవేలికి అరటినార తగిలించుకుని, చూడకుండానే కట్టేదట. తాత పోయాక, శుభకార్యానికి ఆమె చేతి పూలు వద్దని ఎవరో అన్నారు. ఆ మాటతో పూలు ముట్టడమే మానేసింది. నాకు ఊహ తెలిశాక ఆమె చేతిలో పువ్వు చూడలేదు.

పూల పని ఒప్పుకున్నానని ఇంట్లో ఎవరికీ చెప్పలేదు. నవ్వుతారని.

ప్రారంభోత్సవం రోజు మధ్యాహ్నం ల్యాబ్ పక్క గదిలో తడి గోనె మీద మల్లె, కనకాంబరం, మరువం పోసి, అందరూ హాలు సర్దడానికి వెళ్లిపోయారు. నేను కట్టిన ప్రతి మూరా పైకెత్తగానే జారి రాలిపోయింది. మల్లెలు నలిగిపోతున్నాయి. ఇక ఫ్యాక్టరీయే గతి అనుకుని, గోడవైపు తిరిగి బాగా ఏడ్చాను.

అంతలో సెల్వి అక్క కుర్చీలు మోయడానికి కేకేసింది. ముఖం తుడుచుకుని, గదికి తాళం వేసి, తాళంచెవి చున్నీ కొసన ముడేసుకుని వెళ్లాను. ఆ గదికి ఒకటే తలుపు. కిటికీకి ఇనుప వల. రెండో తాళంచెవి అటెండరు దగ్గర ఉంటుంది, ఆయన మాతోనే కుర్చీలు మోస్తున్నాడు.

తిరిగి వచ్చి తలుపు తీస్తే పూలన్నీ కట్టి ఉన్నాయి. చుట్టగా చుట్టి, పైన తడి గుడ్డ కప్పి. నార కొసన ఒక ఉచ్చు మిగిలి ఉంది, కాలి వేలు పట్టేంత. నాకు ఒళ్లు జలదరించింది కానీ భయం వేయలేదు. ఎవరో మనవాళ్లే ఇప్పటిదాకా కూర్చుని లేచి వెళ్లినట్టు అనిపించింది.

సెల్వి అక్క దండ ఎత్తి చూసి, ఇది ఎవరి చెయ్యి అని తమిళంలో అడిగింది. మా అవ్వదని నా నోరు నన్నడక్కుండానే చెప్పేసింది. ఆమె నన్ను కూర్చోబెట్టి నా జడలో ఒక మూర తురిమింది. ఆలస్యంగా అందరం కలిసి అన్నాలకు కూర్చున్నాం. నా డబ్బాలో పులుసన్నం నాకే మిగల్లేదు. చాలా సంతోషంగా ఉండింది.

సాయంత్రం ఇంటికి వచ్చేసరికి అవ్వ అరుగు మీద కాళ్లు చాపుకుని కూర్చుని ఉంది. బొటనవేలి చుట్టూ ఎర్రటి గీత.

"పూలు సాల్నాయా పాపా?" అంది.

పక్కన కూర్చుని ఆమె చేతులు పట్టుకున్నాను. మరువం వాసన. నా జడలోది కాబోలని జడ వెనక్కి వేసి మళ్లీ చూశాను. చేతులదే. ఆ పూట పనికి పోకుండా ఇంట్లోనే ఉన్న అమ్మను అడిగితే, "మద్యానం బువ్వ తిని పండుకున్నె, ఇప్పుడే లేసె. ఏమిటికి?" అంది.

"సాల్నాయవ్వా," అన్నాను.

చదువు మానలేదు. ఇప్పుడు మూడో సంవత్సరం, ఆ సంఘానికి కార్యదర్శిని. వెనక బెంచీలో ఎవరైనా ఒంటరిగా కూర్చుంటే పూలు కట్టడానికి పిలుస్తాను. నాకు నేర్పింది అవ్వే, నా కాలి వేలికి నార తగిలించి. మళ్లీ పూలు పట్టుకుంది, వద్దన్నవాళ్లను లెక్క చేయడం మానేసింది. ఆ మధ్యాహ్నం ఏం జరిగిందో మాత్రం ఎన్ని విధాల ఆలోచించినా నాకు అంతుపట్టలేదు. మొన్న కూడా అవ్వను అడిగాను.

"ఏడ్సే బిడ్డ కాడికి పోయేదానికి బస్సు కావాల్నా ఏమి?" అని నార కొరికి ముడేసింది.

నేను ఏడ్చానని ఆమెకు ఎవరూ చెప్పలేదు.