నాగరాజప్పన్న వేలాడి చూసిన స్కీ పలకలు

నిరుడు ఉత్తరాది కొండల్లో, ఔలీ మంచులో నా ఎడమ స్కీ పలక మీద బూటును పట్టి ఉంచే బిగింపు మరలతో సహా ఊడివచ్చింది. మోకాలు మెలిపడి నెలన్నర కుంటుతూ తిరిగాను. ఇంకోసారి ఇలా అయితే మంచు మాట మర్చిపొమ్మని డాక్టరు తేల్చేశాడు. అందుకే ఈసారి రైలెక్కే ముందురోజు, పొద్దున తొమ్మిదింటికి, పలకలు భుజాన వేసుకుని మడివాళలో కె.ఆర్.పురం బస్సెక్కాను.

కండక్టరు పలకలకూ టికెట్టు కొట్టాడు. పక్కన పూలబుట్టతో కూర్చున్నావిడ వాటిని తట్టి చూసి, “ఏమ్మా, మంచం పట్టెలా?” అంది. మంచు మీద జారడానికన్నాను. “నేల మీద నడిచేదానికే మాకు కాళ్ళు నొస్తాయి తల్లీ!” అని నవ్వి, మూరెడు కనకాంబరాలు చేతిలో పెట్టింది.

కొత్తగా కట్టిన తీగల వంతెన దగ్గర దిగి, ఇనుముకు మరలు కోసే నాగరాజప్పన్న లేత్ షెడ్డుకు పదిన్నరకు చేరాను. వాళ్ళ తాతలు హిందూపురం నుంచి వచ్చినవాళ్ళు. మంచంటే ఆయనకు తెలిసింది సోడాబండి ఐసుగడ్డే.

“ఊరికూరికే విప్పి బిగించినారు. కొయ్య పిండైపోయుండాది. బుష్షులు ఏద్దాం,” అన్నాడు.

బుష్షంటే లోపలా బయటా మర కోసిన, చిటికెనవేలి గోరంత స్టీలు గొట్టం. బయటి మర కొయ్యను కరుచుకుంటుంది, లోపలి మరలో బోల్టు తిరుగుతుంది. ఎన్నిసార్లు విప్పి బిగించినా కొయ్య అరగదు.

ఆ షెడ్డులో ఒక కట్టుబాటుంది. బరువు మోసేది ఏది చేసినా, చేసినవాడే ముందు దానికి వేలాడాలి. ఆయన ఒక పాత చెక్కకు బుష్షు బిగించి, రెండు దూలాల మీద బోర్లా పెట్టి, బుష్షులోకి కొక్కెం ఎక్కించి, దాన్ని పట్టుకుని వేలాడాడు. మూడు లెక్కపెట్టేలోగా బుష్షు కొయ్యపీచుతో ఊడింది, పెద్దమనిషి దబ్బున కూలబడ్డాడు. నాకు నవ్వూ భయమూ ఒక్కసారే వచ్చాయి.

“జిగురు పెట్టల్ల. రేపటిదాకా ముట్టగూడదు.”

“రేపు మధ్యాహ్నమే రైలన్నా! ఈరోజే ఇచ్చెయ్యి.”

“పడింది నేను కాబట్టి సరిపోయె. నీ మోకాలైతే? ఇయ్యను పో!”

ఒళ్ళు మండింది. ఆయన క్యారియర్లోని రాగిసంగటి, ఊరిబిండి అనే చెనిక్కాయల పచ్చడి తిన్నాక కాస్త చల్లబడ్డాను. ఆ మధ్యాహ్నమే ఆయన నా పలకల్లో జిగురు పెట్టి బుష్షులు బిగించాడు.

మర్నాడు పదింటికల్లా జిగురు గట్టిపడింది. ఈసారి నా పలకలనే బోర్లించి, ఒక్కో బుష్షుకూ వేలాడాడు. మొత్తం పదహారు. చాలన్నా అంటే వింటేనా! పలక వంగింది గానీ బుష్షు జరగలేదు. పరుగున పోయి రైలందుకున్నాను.

ఔలీలో వారం రోజులు తెగ పడ్డాను. గట్టిగా పడ్డప్పుడల్లా బూటు విడిపోయింది. కాలు విరక్కుండా అది విడిపోవాల్సిందే. బిగింపు మాత్రం పలకను వదల్లేదు. తిరుగు ప్రయాణంలో మద్రాసు మీదుగా వచ్చి, పదకొండింటికి కె.ఆర్.పురంలోనే దిగేశాను. షెడ్డుకు నడుచుకుంటూ వెళ్ళాను, కుంటకుండా.

ఆయన ముందు నా కాళ్ళు చూశాడు, తర్వాతే పలకలు.

“పడలేదా?”

“లెక్కలేనన్నిసార్లన్నా.”

“బుష్షులు?”

“కదల్లేదు.”

బోల్టులన్నీ వేలితో తడిమాడు. “అయితే పడింది నువ్వు. నేను చేసిన పని గాదు,” అన్నాడు, నా మోకాలి వైపు ఇంకోసారి చూసి.