నేను పెట్టిన నవ్వు బొమ్మ

కర్నూలులో పన్నెండేళ్లు విలేకరిగా తిరిగినా, ప్రెస్‌మీట్లలో నాయకులకు నేను "అమ్మా"నే. కూర్చోమ్మా, కాఫీ తాగమ్మా అంటారు. అసలు వార్త మాత్రం మగవాళ్లకు చెబుతారు. మా ఆఫీసులో కొత్తగా చేరిన పిల్లను మాత్రం ఆరు నెలలకే "ఏమప్పా, ఏం రాస్తాండావు" అన్నారు. మగవాళ్లను పిలిచే పిలుపది. నాకు ఒళ్లు మండిపోయింది.

ఆలూరు వైపు పల్లెలకు పోవాల్సిన నీళ్ల ట్యాంకర్లు ఒక నాయకుడి తోటకు పోతున్నాయని ఆమె రాసింది. మొదటి పేజీలో ఆమె పేరుతో సహా వేశారు. నా పేరు ఆ పేజీ మొహం చూసిందే లేదు. కళ్లల్లో నిప్పులు పోసుకున్నాను, దాచడమెందుకు.

మర్నాడు విలేకరుల వాట్సాప్ గ్రూపులో ఒకడు ఆమె ఫొటో పెట్టి, ఆలూరికి ఎవరి కారులో పోయిందో కనుక్కోండప్పా అని రాశాడు. ఆమె పోయింది బస్సులో. బస్టాండులో ఆమె ఎక్కుతుంటే నేను చూశాను. అయినా ఆ మాట కింద నవ్వు బొమ్మ పెట్టాను. ఆమె జోరు కాస్త తగ్గుతుందిలే అనుకున్నాను.

సాయంత్రానికి ఆ ఫొటో, ఆమె ఫోన్ నంబరుతో సహా జిల్లా అంతా తిరిగింది. ముక్కూమొహం తెలియని మగవాళ్లు ఫోన్ చేసి రేటెంత అని అడిగారు. ఆమె నాయన ఉద్యోగం మానెయ్యమన్నాడు. ఆమె మానలేదు. పోలీసులకు ఇవ్వడానికి ఫిర్యాదు రాసుకుని నా టేబుల్ దగ్గరికి వచ్చింది.

"అక్కా, నేను బస్సెక్కింది నువ్వు చూసినావు గదా. సాక్షి సంతకం పెడతావా?"

కాగితం చూశాను. గ్రూపులో నవ్వినవాళ్ల జాబితాలో నా పేరూ ఉంది. పెడతాను గానీ అది తీసెయ్ అన్నాను.

"తీసెయ్యను. రెండూ నిజమే గదక్కా."

పెట్టాను. సంతకం పెడుతూ కూడా ఆమె మీద ఏడుపే నాకు. ఒక్క మాట ఎక్కువ లేకుండా ఎంత బాగా రాసిందో.

ఫొటో పెట్టినవాణ్ణి పోలీసులు పిలిపించారు. ఆమె ఉద్యోగం నిలబడింది. నన్నిప్పుడు "మేడమ్" అంటుంది. "అక్కా" అన్న ఆమె గొంతు వినబడగానే నేనింకా తలెత్తుతాను. పిలిచేది పక్క టేబుల్ ఆవిడను.