అయిదో కుట్టు

ఒళ్ళు మండితే టైలరక్క మాట్లాడదు, కత్తెర ఆడిస్తుంది. చేతిలో బట్ట లేకపోయినా సరే, గాల్లోనే టకటకా ఆడించేస్తుంది. ఆ చప్పుడు వినగానే వాళ్ళాయన చెప్పులేసుకుని మెల్లగా వీధిలోకి జారుకుంటాడు. ఇరవై ఆరేళ్ళ కాపురంలో ఆయన నేర్చుకున్న విద్య అదొక్కటే. అలాంటిది, ఇప్పుడు కోపం నెత్తికెక్కి కూర్చున్నా ఆవిడ కత్తెర పట్టలేకపోతోంది. అసలు కోపమంతా అందుకే.

సంగతేమిటంటే, ఆవిడ కుడి బొటనవేలి మొదట్లో చిన్న కాయ లేచింది. అదీ ఎక్కడా చోటు లేనట్టు, సరిగ్గా కత్తెర రింగు ఒరుసుకునే చోట. ఆర్నెల్లు గుడ్డపేలిక చుట్టుకుని నెట్టుకొచ్చి, ఇక లాభం లేదనుకుని ఆస్పత్రికి వెళ్ళింది. “చిన్న పనేనమ్మా, అరగంటలో ఇంటికెళ్ళిపోవచ్చు” అన్నాడు డాక్టరు. అన్నమాట ప్రకారం అరగంటలోనే పంపేశారు. ఆ తర్వాత ఆ వేలి సంగతి ఎవరికీ పట్టలేదు.

మత్తు ఇచ్చింది వేలికి గానీ మనిషికి కాదు. మధ్యలో ఆకుపచ్చ గుడ్డ అడ్డం కట్టారు కాబట్టి ఏమీ కనబడలేదు. నొప్పీ తెలియలేదు. కానీ దారం లాగినప్పుడల్లా చర్మం సాగడం, వెంటనే కత్తెర టిక్కుమనడం మాత్రం తెలుస్తూనే ఉన్నాయి. ముప్ఫై ఏళ్ళుగా కుట్టుపని మీద బతుకుతున్న మనిషి లెక్కపెట్టకుండా ఊరుకుంటుందా? ఒకటి, రెండు, మూడు, నాలుగు. డాక్టరు “అయిపోయింది” అన్నాడు. నర్సు ఫైల్లో రాసేసి, ఇంకో పేషెంటు దగ్గరికి వెళ్ళిపోయింది. అప్పుడు ఓ చివర రక్తం ఊరింది కాబోలు, డాక్టరు “ఒక్క నిమిషం” అని మళ్ళీ సూది ఎత్తాడు. ఇంకోసారి చర్మం సాగింది. ఇంకోసారి టిక్కుమంది. అయిదు.

ఇంటికొచ్చాక వాళ్ళాయన ఆస్పత్రివాళ్ళిచ్చిన కాగితం తీసి చదివాడు. ఆయన గోడౌన్లో స్టాకు గుమస్తా. కళ్ళెదురుగా పేర్చి ఉన్న పదహారు బస్తాలు రిజిస్టర్లో లేవు కాబట్టి అసలు లేనే లేవని సాయంత్రందాకా వాదించిన ఘనుడు.

“కుట్లు నాలుగు. పదో రోజున విప్పాలి.”

“అయిదండీ.”

“నాలుగని ఇంత స్పష్టంగా రాశారు కదే!”

“రాసిందెవరో నాకు తెలీదు. వేయించుకుంది నేను.”

ఆయన కాగితాన్ని మడతపెట్టి బీరువాలో దాచాడు. ఆయన దృష్టిలో అంతటితో ఆ విషయం తేలిపోయింది.

ఆ పది రోజుల్లోనే లెక్కల టీచరు ఈవిడ దగ్గర కుట్టించుకున్న నల్లగౌను పట్టుకుని వచ్చింది. “చంక కింద ఏదో గుచ్చుకుంటోందమ్మా” అంది. ఆ మాట చెప్పడం ఆవిడకది మూడోసారి. టైలరక్కకు అసలే చిరాగ్గా ఉంది. ఎడంచేత్తో గౌనుని ఇటోసారి అటోసారి తిప్పింది. “ఏమీ లేదు మేడమ్. కొత్త బట్ట కదా, బిరుసు. రెండుసార్లు వేసుకుంటే అదే సర్దుకుంటుంది” అంది. టీచరు గౌను మడిచి సంచిలో పెట్టుకుని వెళ్ళిపోయింది.

పదో రోజున మొగుడూ పెళ్ళాం ఆస్పత్రికి వెళ్ళారు. టోకెను కోసం ఒక క్యూ. ఆ టోకెను చూపించి పేరు రాయించుకోవడానికి ఇంకో క్యూ. పదకొండో నంబరు గదికి వెళ్తే, “కుట్లు విప్పేది ఇక్కడ కాదు, పైన” అన్నారు. పైకెళ్తే, “కింద స్టాంపు వేయించుకున్నారా?” అన్నారు. కిందికొస్తే స్టాంపు వేసే మనిషి భోజనానికి వెళ్ళాడు. ఆయన తిని, చేయి కడుక్కుని, ఫోను మాట్లాడుకుని వచ్చేసరికి టైలరక్క ఓపిక కాస్తా అయిపోయింది.

చివరికి ఒక నర్సు గడియారం చూసుకుంటూ నాలుగు కుట్లు టకటకా తెంపి, “అయిపోయిందమ్మా” అంది.

“ఇంకోటుంది.”

“ఎక్కడ?”

“ఆ చివర పెచ్చు కట్టింది చూడండి, దాని కింద.”

నర్సు వేలు చూడలేదు, ఫైలు చూసింది. “నాలుగేనమ్మా.”

“కుట్లు ఫైలుకు వేశారా, నాకు వేశారా?”

“అది ఉత్త పెచ్చు. గోకకండి. రెండు రోజుల్లో అదే సర్దుకుంటుంది.”

“నాలుగుకి నాలుగూ టాలీ అయ్యాయి కదే, పద” అన్నాడు వాళ్ళాయన.

కుట్లు విప్పిన మూడో రోజుకి వేలు ఎర్రగా ఉబ్బింది. ఆ రోజే ఆస్పత్రినుంచి ఫోనొచ్చింది. వచ్చింది మనిషి కాదు, మెషీను. మా సేవలు బాగుంటే ఒకటి నొక్కండి, చాలా బాగుంటే రెండు నొక్కండి అంది. “బాగా లేకపోతే ఎవరి పీక నొక్కాలో చెప్పి చావవేం?” అని అరిచింది టైలరక్క. మెషీను ధన్యవాదాలు చెప్పి పెట్టేసింది.

ఐదో రోజు పొద్దున కత్తెర తీసింది. రింగులో వేలు దూరలేదు. బలవంతంగా తోసింది. ప్రాణం జివ్వుమంది. వేలు వంచి చూద్దామంటే వంగలేదు. పోనీ ఎడంచేత్తోనే చేద్దామని పాత దుప్పటి మీద గీత గీసి కత్తిరించింది. చిన్నపిల్ల కత్తిరించినట్టు వంకరటింకరగా వచ్చింది. కత్తెర బల్లమీద పడేసి, కుర్చీలో కూలబడి భోరుమంది.

“ఈ వేలు ఇలాగే బిగుసుకుపోతే నేనేం కావాలండీ? నాకు ఇంకో పని రాదు. ఇంకో పని అక్కర్లేదు కూడా. ఈ పనే కావాలి నాకు.”

కత్తెర చప్పుడు వినిపిస్తే ఏం చేయాలో వాళ్ళాయనకు తెలుసు. ఏడుపు వినిపిస్తే ఏం చేయాలో తెలియదు. అయినా చెప్పులేసుకున్నాడు, ఈసారి జారుకోవడానికి కాదు. “లే. ఇప్పుడే వెళ్దాం” అన్నాడు.

ఆస్పత్రి కౌంటర్లో అమ్మాయి కంప్యూటరు చూసి, “కుట్లు విప్పేశారు కదా, మీ ఫైలు మూసేశారు. మళ్ళీ కొత్తగా రాయించుకోవాలి. డాక్టరుగారు సోమవారం వస్తారు” అంది. టైలరక్క ఆ మాట పూర్తిగా వినలేదు. తిన్నగా మెట్లెక్కి, కట్లు కట్టే గదిలోకి వెళ్ళి స్టూలుమీద కూర్చుంది. “నేను లేవను. పోలీసుల్ని పిలుస్తారో, ఆ డాక్టర్నే పిలుస్తారో మీ ఇష్టం!”

లోపల కట్లు కట్టే పెద్దాయన చేతులు కడుక్కుంటున్నాడు. తుడుచుకుని వచ్చి ఎదురుగా కూర్చున్నాడు. వాళ్ళాయన అలవాటుకొద్దీ కాగితం చాపాడు. పెద్దాయన దాన్ని అందుకోలేదు.

“ఎన్ని వేశారమ్మా?”

“అయిదు.”

“ఎక్కడ?”

చూపించింది. ఆయన మందునీళ్ళలో దూది ముంచి పెచ్చుమీద పెట్టాడు. పది నిమిషాలు దాన్ని కదలనివ్వలేదు. పెచ్చు నాని ఊడింది. కింద చీముతో పాటు, చీమ తలంత నల్లటి ముడి బయటపడింది. పట్టకారుతో పైకెత్తి, తెంపి, లాగాడు. దారం దూదిమీద పడింది.

టైలరక్కకు కోపం, ఏడుపు, హాయి అన్నీ ఒక్కసారే వచ్చాయి. “అందరూ ఫైలు చూశారు. మీరు నా మాటెలా నమ్మారండీ?”

“గుచ్చుకునేది మీకు కదమ్మా. గుచ్చుకుంటోందని మనిషి మూడుసార్లు చెబితే, లేదనడానికి నేనెవర్ని? వెతకడమే నా పని.”

మూడుసార్లనగానే టైలరక్కకు లెక్కల టీచరు నల్లగౌను గుర్తొచ్చింది. బస్సులో వాళ్ళాయన మాత్రం నాలుగు కొట్టేసి, అయిదు రాసి, పక్కన సంతకం చేసి కాగితాన్ని జేబులో పెట్టుకున్నాడు.

వారానికి వాపు దిగింది. వేలు వంగింది, రింగులో దూరింది. టైలరక్క కత్తెరను రెండుసార్లు ఆడించింది. వాళ్ళాయన చెప్పులకోసం లేచాడు. “కోపం కాదులెండి, కూర్చోండి” అని టీచరుకు ఫోను చేసింది.

“ఆ గౌనా? మా స్కూలు ఆయాకి ఇచ్చేశానమ్మా” అంది టీచరు.

“ఆవిడ ఏమీ అనలేదా మేడమ్?”

“ఏమీ అనలేదే!”

ఏమీ అనలేదన్న మాటకే టైలరక్క కత్తెర పక్కన పెట్టేసింది. అడ్రసు కనుక్కుని, బయల్దేరి వెళ్ళింది. ఆయా తలుపు తీసింది. ఒంటిమీద అదే గౌను.

“ఇది కుట్టింది నేనేనమ్మా. ఎలా ఉంది?”

“చాలా బావుందమ్మా.”

“చంక కింద గుచ్చుకోవట్లేదూ?”

ఆయా చేయి పైకెత్తింది. గౌను పక్కకు లాగి చూస్తే, ఒకదాని పక్కన ఒకటి, ఎర్రగా గీరుకుపోయిన గీతలు.

“రెండుసార్లు వేసుకుంటే సర్దుకుంటుందన్నారటగా మీరు” అంది ఆయా నవ్వుతూ. “రెండు వారాలుగా వేసుకుంటూనే ఉన్నానమ్మా.”